చాందీ అడిగిన తొవ్వ

ముసురు.

పత్తిచేల మీద ముసురు, తండా రేకుల మీద ముసురు... మూడు రోజులుగా అదే చప్పుడు.

ఆ చప్పుడులోనే పద్మలత ప్రశ్నలు అడుగుతోంది.

స్టేషన్ ఘన్‌పూర్ అమ్మాయి. మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. తెలంగాణ కోసమని ఉత్తరం రాసి ప్రాణం తీసుకున్న పిల్లల ఇళ్లకు వెళ్తుంది. పోయినవాళ్ల గురించి కాదు — మిగిలినవాళ్ల గురించి అడుగుతుంది. నిద్ర పడుతోందా? ఆకలి అవుతోందా? ఎన్ని రోజులుగా?

భూపాలపల్లి వైపు మూడిళ్లు. జనగామ వైపు నాలుగు. దంతాలపల్లి దగ్గరి ఈ తండాలో ఇది ఎనిమిదోది.

గోడ మీద ఫొటోలో సుభాష్. డిగ్రీ రెండో సంవత్సరం దగ్గరే ఆగిపోయిన నవ్వు.

ఏడాదిన్నర కింద పోయాడు. జెండాలు వచ్చాయి. మైకు వచ్చింది. అతని తల్లి చాందీకి శాలువా కప్పి వీరమాత అన్నారు.

ఏడవడానికి మాత్రం ఎవరూ సందివ్వలేదు.

"కోపమొస్తదా అవ్వా?"

చాందీ వాన వంక చూసింది.

"వస్తది మేడం. ఆని మీదనే వస్తది. ఒక్క మాట చెప్పకుంట పోయిండు... గా మాట బయట అంటే జనం ఊకుంటరా?"

పద్మలత రాసుకుంది.

తరువాత జమున. సుభాష్ చెల్లెలు. పదిహేడేళ్లు. అన్న పోయాక కాలేజీ మానేసింది. తల్లి పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

తొమ్మిదో ప్రశ్న... చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తుందా?

"దినాం, అక్కా."

వాన పడుతోందా అంటే పడుతోంది అన్నట్టు చెప్పింది.

ఏడిళ్లలో ఆగని పెన్ను ఆగింది.

చాందీ చెయ్యి బిడ్డ వీపు మీద పడింది — పడి అక్కడే ఉండిపోయింది.

"అవ్వా, ఇయ్యాలనే పోదాం" అంది పద్మలత, కాగితాలు మడుస్తూ. "వరంగల్‌ల డాక్టరున్నడు."

కానీ సకల జనుల సమ్మె. బస్సుల్లేవు. రైళ్లు లేవు. ఆ సమ్మె పద్మలతది కూడా. నిన్నగాక మొన్న ఘన్‌పూర్ పట్టాల మీద తనూ కూర్చుంది. తనూ నినాదమిచ్చింది.

తండాలో అమర్‌సింగ్ ఆటో ఒక్కటే దిక్కయింది.

తొర్రూరు దాటకముందే రోడ్డుకడ్డంగా రాళ్లు. మొద్దులు. జనం.

పద్మలత దిగింది. పేరు చెబితే దారి దొరుకుతుందనుకుంది.

"సుభాష్ చెల్లె అన్నా. పానం బాగలేదు. దవాఖానకు పోవాలె."

"ఏ సుభాష్? మన అమరుడు సుభాషా?"

అంతే — గుంపు ఆటోను చుట్టేసింది. పిడికిళ్లు లేచాయి. జోహార్! అమరుడు సుభాష్‌కు జోహార్! ఎవరో జమున చెయ్యి పట్టి పైకెత్తారు. జోహార్! జోహార్!

జమున కళ్లలో మెరుపు. అంతసేపట్లో మొదటిసారి.

"అక్కా... నేను పోతే గూడ గిట్లనే అంటరా?"

ఆ గొంతులో భయం లేదు. ఆశ ఉంది.

పద్మలత జమున చెయ్యి దింపి తన చేతిలోకి తీసుకుంది. ఆ పేరు చెప్పింది తనే. తనే.

చాందీ కూడా విన్నది.

ఆటో దిగింది. రాళ్ల మధ్యకు నడిచింది. అద్దాల రవిక తడిసి ఒంటికి అంటుకుంది.

"జోహార్లు వద్దు బిడ్డా!"

నినాదం తెగింది.

"కొడుకును ఇచ్చిన్నంటున్నరు... నేను ఇయ్యలే. ఆడే పోయిండు. నన్నడగలే, మిమ్ముల అడగలే. గీ పిల్ల గూడ పోతనంటున్నది. మీ కాళ్లు మొక్కుత, తొవ్వియ్యుండ్రి."



ఒకాయన జెండాను చంకలో పెట్టుకుని వంగి రాయి దొర్లించాడు. ఇంకొకాయన మొద్దు పట్టాడు. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు.

వరంగల్ చేరేసరికి సాయంత్రమైంది. దవాఖానలో డాక్టరు జమునతో చాలాసేపు మాట్లాడి, మంచం ఇప్పించాడు. ఒంటరిగా వదలొద్దని తల్లికి చెప్పాడు. మళ్లీ పిల్ల వైపు తిరిగాడు.

"రేపు మళ్ల అట్లనిపిస్తే ఎవరికి చెప్తవు తల్లీ?"

జమున మంచం అంచు పట్టుకుంది.

చాందీ తమ లంబాడీ భాషలో ఏదో అంది. చిన్నగా. పద్మలతకు అర్థం కాలేదు. అడగలేదు. కాగితం తియ్యలేదు.

జమున తల్లి వైపు తిరిగింది. పెదవులు కదిలాయి...

చాందీ వినడానికి ముందుకు వంగింది.