నస్పూర్ గట్టయ్య గొంతు

"నీ తమ్ముడు దుబాయ్ పోతుండట. గీ బేస్తారమే ఇమానం."

ఫోన్‌లో బాలవ్వ అన్న మొదటి మాటే ఇది. తిన్నవా లేదు, మంచిగున్నవా లేదు. కరీంనగర్‌లో టైల్స్ దుకాణం మీది అంతస్తులో కంప్యూటర్ ముందు కూర్చున్న వినోదకు ఆ మాట చెవిలో పడింది గాని తలకెక్కలేదు.

"ఎవలు పోతుండ్రే అవ్వా?"

"ఎవలేంది, సాగర్! బ్యాగు గూడ కొనుక్కచ్చిండు. నేను మొత్తుకుంటె ఇంటలేడు. నువ్వు రా బిడ్డా. నీ మాటనన్న ఇంటడేమో."

వాళ్ల నాయిన, బాపు హనుమండ్లు, దుబాయ్‌లోనే పోయాడు. కూలీల క్యాంపులో రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. జమ్మికుంటకు పెట్టె వచ్చింది. పెట్టె దించిన వాకిట్లోనే బాలవ్వ కొడుకును కూర్చోబెట్టి తన తల మీద చెయ్యి పెట్టించుకుంది. నువ్వు మాత్రం పోవద్దు అంది. సాగర్ అప్పుడు బడికి పోయే పిల్లవాడు. ఒట్టు పెట్టాడు. ఇప్పుడు పత్తి మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తున్నాడు, సీజన్ అయిపోతే గోడలు చూస్తున్నాడు. ఆ ఒట్టును కూడా బస్తాను దించినట్టే దించేశాడు.

సెలవు అడగడానికి వినోద లక్ష్మీరాజం దగ్గరికి పోయింది.

లక్ష్మీరాజం ఆ ఆఫీసు యజమాని. నెట్టులో ఎవరైనా వెతికితే తనకు పైసలిచ్చినవాళ్ల బ్లాగే ముందు కనబడేట్టు చేయడం ఆయన వ్యాపారం. వినోద పని బ్యాక్‌లింకులు వేయడం. అంటే వేరే పేజీల్లో ఆ బ్లాగు గురించి రాసి, అక్కడ నొక్కితే ఆ బ్లాగు తెరుచుకునేట్టు పెట్టడం. చేరిన కొత్తలో ఆయన చెప్పిన పాఠం ఇంతే:

"సెర్చింజన్‌కు కండ్లు లేవు వినోదా. ఎవని దిక్కు ఎక్కువ మంది ఏలు చూపెడితె గాడే పెద్దమనిషి అనుకుంటది. గా ఏలు చూపెట్టుడే మన పని. అర్థమైతుందా?"

ప్రతి మాటకూ చివర 'అర్థమైతుందా' అనడం, అన్నాక గొంతు సవరించుకోవడం ఆయన అలవాటు.

పదిమంది వేలు చూపించాలంటే ముందు పదిమంది ఉండాలి కదా. లేరు. అందుకని ఆ పదిమందీ వినోదే అయింది. 'ఎడారి బాట' అని ఒక బ్లాగు ఇచ్చాడు. గల్ఫ్ పనుల సమాచారం, నలుగురికీ ఉపయోగం అన్నాడు. ఆమె పేరుకొక ఉచిత బ్లాగు తెరిచింది. ప్రశ్నలూ జవాబులూ నడిచే సైట్లలో తానే అడిగి తానే చెప్పింది. ఎవరిదో వంటల బ్లాగు కింద కూడా కామెంట్ పెట్టి దాని తోకకు లింకు తగిలించింది. ఒకచోట కోరుట్ల డ్రైవర్, ఇంకోచోట లక్సెట్టిపేట మేస్త్రి. అందరికన్నా బాగా కుదిరినవాడు నస్పూర్ గట్టయ్య. తండ్రిది బొగ్గుబాయి నౌకరి, కొడుక్కి అది రాలేదు, దుబాయ్ పోయి నిలబడ్డాడు. గట్టయ్య పేజీ పడ్డాకే 'ఎడారి బాట' అన్నిటికన్నా పైకి వచ్చింది. ఆ రోజు లక్ష్మీరాజం ఆఫీసంతటికీ మిర్చిబజ్జీలు తెప్పించాడు. వినోద కూడా తిన్నది.

అబద్ధమని తెలియదా? తెలుసు. ఆ బ్లాగులో కింద ఒక ఫోన్ నంబర్ ఉందని కూడా తెలుసు. అది ఎవరిది, దానికి ఫోన్ చేసినవాడు చివరికి ఎక్కడ తేలుతున్నాడు? అడగలేదు. ఎవరో నోరు నొక్కితే కాదు, అడగాలని తోచలేదు. లింకు పడిందా లేదా, అంతవరకే చూసింది. మన దగ్గర చదువుకున్నవాళ్ల నౌకరీలు సగం ఇట్లాగే ఉన్నాయి.

"సార్, జర ఇంటికి పోవాలె. మా తమ్ముడు దుబాయ్ పోతనంటుండట."

"పోనియ్యరాదు, మొగపిలగాడు. ఈడ ఉండి ఏం జేస్తడు? అర్థమైతుందా?" గొంతు సవరించుకుని మళ్లీ తన కంప్యూటర్లోకి తల పెట్టాడు.

జమ్మికుంట బస్సు దిగి ఇంటికి పోయేసరికి మధ్యాహ్నమైంది. ఇంటి ముందు అరుగులాంటి గద్దె మీద కొత్త బ్యాగు కూర్చుని ఉంది, చుట్టం వచ్చినట్టు. దాని పక్కన సాగర్ అంగీలు మడత పెడుతున్నాడు.

"వచ్చినవా అక్కా? పంచాయతికి పిలిచిందా అవ్వ?"

"ఏజెంటు ఎవడురా?"

"మంచోడే. నేనేం ఎడ్డోన్నా, కండ్లు మూసుకొని పోతందుకు? పోయినోన్ని అడగకుంట అడుగు బయట పెట్టద్దని బాపు చెప్పలేదా? పోయినోళ్లనే అడిగిన."

ఆ దిక్కున అదే రివాజు. ఏజెంటు మాట ఎవరూ నమ్మరు. పోయి వచ్చినవాడి ఇల్లు వెతుక్కుంటూ పోతారు. గద్దె మీద కూర్చుని గుచ్చి గుచ్చి అడుగుతారు. నీళ్లు ఎట్లుంటయి, సేటు ఎసోంటోడు, క్యాంపుల ఏం వండుకుంటరు? ఉత్త మాటలు చెప్పేవాడు వంట దగ్గర దొరికిపోతాడు.

"ఎవల్నడిగినవ్?"

సాగర్ ఫోన్ తీసి 'దుబాయ్ నమ్మకమైన ఏజెంటు' అని కొట్టి ఆమె ముఖం ముందు పెట్టాడు.

అన్నిటికన్నా పైన 'ఎడారి బాట'.

వినోదకు మొట్టమొదట కలిగింది సంతోషం. ఇంకా పైనే ఉంది! నెలల తరబడి చేసిన పని! రెప్ప కొట్టేంతసేపు ఉంది ఆ సంతోషం.  ఆ తర్వాత గద్దె మీద, బ్యాగు పక్కన కూలబడింది.

"ఏమైందే?" అంది చాటలో బియ్యం చెరుగుతున్న బాలవ్వ.

"గిదంత ఉత్తదే తమ్మీ. పోకు."

"ఏది ఉత్తది? కోరుట్లాయన ఉత్తదా? లక్సెట్టిపేట మేస్త్రి ఉత్తదా? ఇంతమంది ఒక్కటే మాట చెప్తుంటె నువ్వొక్కదానివి కాదంటవ్."

"గా ఇంతమంది నేనేరా!"

సాగర్ పగలబడి నవ్వాడు. "నువ్వు కోరుట్ల డ్రైవర్‌వా? నీకు స్కూటీ తిప్పుకునుడే రాదు గదనే!"

"నేనే రాసిన. గదే నా నౌకరి. అందరు చెప్తున్నట్టు నేనొక్కదాన్నే రాస్త."

"గట్లనా. మరి గట్టయ్య కాకను గూడ నువ్వే రాసినవా? ఆగు. అవ్వా, నువ్విను." సాగర్ ఫోన్‌లోంచి గట్టిగా చదివాడు. "'శుక్రారం సెలవు. పచ్చిపులుసు చేసుకుంటం. ఈడి ఉల్లిగడ్డ తియ్యగుంటది, కోస్తె కండ్లళ్ల నీళ్లు రావు. ఏడువాలంటె ఇంటికి ఫోన్ జెయ్యాలె.' బాపు గిదే మాట అంటుండె, యాదికున్నదా? ఆడ ఉల్లిగడ్డ కోసినోనికి తప్ప ఇంకెవలికెరుక గీ ముచ్చట? గందుకే నమ్మిన."

బాలవ్వ చేతిలో చాట అట్లాగే ఆగిపోయింది. ఆమె సాగర్‌ను చూడలేదు. వినోదను చూసింది.

గట్టయ్య నిజం మనిషిలా ఉండాలి, ఏదైనా ఒక్క సొంత మాట పడాలి అని ఆ రోజు వినోద చాలాసేపు కీబోర్డు ముందు కూర్చుంది. బాపు మాట గుర్తొచ్చింది. వేసేసింది. బాగా కుదిరిందని కూడా అనుకుంది.

"గది మీ నాయిన మాట బిడ్డా" అంది బాలవ్వ. అరవలేదు. "శుక్రారం శుక్రారం నాతోని అన్న మాట. గది దుకాణంల పెట్టినవా?"

 

"అవ్వా, నువ్వు నమ్మకు" అన్నాడు సాగర్. నవ్వు పోయింది, కోపం వచ్చింది. "నన్ను ఆపెతందుకు గిట్ల చెప్తుంది. బాపు మాట ఇంకెవలన్న గూడ అంటుండవచ్చు, ఒక్కటే దేశంల ఉన్నోళ్లు. గట్టయ్య కాక లేకపోతె నేనెవలితోని మాట్లాడిన మరి?"

"ఎవలితోని మాట్లాడినవ్?"

"గట్టయ్య కాకతోని. ఫోన్ల. ఏజెంటే ఆయన నంబర్ ఇచ్చిండు. సెలవు మీద వచ్చిండు. ఒక్కసారి గాదు, మస్తుసార్లు."

 గట్టయ్య వినోద పుట్టించిన మనిషి. ఊరు తాను పెట్టింది, పేరు తాను పెట్టింది, తండ్రి నౌకరి తాను పెట్టింది. వాడు ఫోన్ ఎట్లా ఎత్తుతాడు?

"ఏమన్నడు?"

"నాకు విజిట్ వీసా ఇచ్చుడేందని అడిగిన. నాక్కూడ గదే ఇచ్చిండ్రు, ఆడికి పోయినంక పని వీసా చేపిచ్చిండ్రు, ఫికర్ జెయ్యకు అన్నడు."

ఈ మాట వినోద ఎక్కడా రాయలేదు. విజిట్ వీసా అంటే చూసి రమ్మని ఇచ్చేది, పని చేయమని కాదు. దాని గడువు దాటితే మనిషి అక్కడ దొంగ కింద లెక్క. జీతం ఎగ్గొట్టినా అడగడానికి నోరు ఉండదు. బాపు వెంట పనిచేసినవాళ్లు ఇదే వాకిట్లో కూర్చుని చెప్పిన మాట అది.

"ఫోన్ జెయ్" అంది. "స్పీకర్ల పెట్టు. నేనున్ననని చెప్పకు."

సాగర్ పంతంగా నొక్కాడు. రెండు రింగులకే ఎత్తారు.

"చెప్పు బిడ్డా సాగర్! బ్యాగు సదురుకున్నవా?"

మెత్తటి గొంతు. పెద్దమనిషి గొంతు. సాగర్ అక్క దిక్కు చూసి, విన్నవా అన్నట్టు తల ఎగరేశాడు.

"మా అవ్వ ఒప్పుకుంటలేదు కాకా."

"తల్లులు గంతే బిడ్డా. మా అవ్వ గూడ గడప కాడ కూసొని ఏడ్చింది. ఇప్పుడు గదే అవ్వ సంబురపడుతుంది. నువ్వు ఎనుకకు జరిగితె నీ జాగల ఇంకొకడు ఎక్కుతడు. అర్థమైతుందా?"

ఆపైన గొంతు సవరింపు.

వినోద లేచి నిలబడింది. పొద్దున సెలవు అడిగితే విన్న గొంతు. మిర్చిబజ్జీలు పంచిన గొంతు.

"సార్" అంది. "లక్ష్మీరాజం సార్. నేను వినోదను."

 అవతల కిర్రు కిర్రుమని ఫ్యాన్ చప్పుడు వస్తోంది. ఆ ఫ్యాన్ కిందే ఆమె రోజూ కూర్చుంటుంది.

"వాడు మా తమ్ముడు సార్."

ఫోన్ కట్ అయింది.

సాగర్ మళ్లీ చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు.  "ఆయన మీ సారా?" అన్నాడు. "కాకా కాకా అని ఎన్ని చెప్పుకున్న అక్కా... బాపు పెట్టెల వచ్చిన ముచ్చట గూడ చెప్పిన. ఆయన ఏడ్చిండు ఫోన్ల. నిజంగ ఏడ్చిండు."

"పాస్‌పోర్టు ఏది?"

"వాళ్ల దగ్గర్నే. ఏర్‌పోర్టుల ఇస్తమన్నరు."

వినోద తన సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసింది. ఆ పేజీలన్నీ ఆమె తన ఫోన్ నంబర్ మీదే తెరిచింది, లక్ష్మీరాజానికి అందవు. కోరుట్ల డ్రైవర్‌ను తెరిచి రాసిందంతా తుడిచేసింది. 'ఈ డ్రైవర్ లేడు. ఈ పేజీ చూపించే ఏజెంటు దగ్గరికి పోకండి' అని పెట్టింది. మేస్త్రిని తుడిచింది. సాగర్ పక్కన కూర్చుని ఒక్కొక్కటే తన ఫోన్‌లో తెరిచి చూస్తున్నాడు, ఇంకా నమ్మలేనట్టు. తాను నమ్మిన మనుషులు ఒకరి తర్వాత ఒకరు కండ్ల ముందే లేకుండా పోతున్నారు.

చివరికి గట్టయ్య. రాసిందంతా తుడవబోయి వినోద కిందికి జరిపింది. అక్కడ కామెంట్లు ఉన్నాయి. ఎప్పుడూ చదవలేదు. లింకు పడితే చాలు, కామెంట్లతో తనకేం పని?

చదివింది.

'గట్టయ్య కాకా, నేను మీ నస్పూర్ పిల్లనే, కోమల. మీ మాట సూసి మా అన్న రాజ్‌కుమార్ దుబాయ్ పోయిండు. ఆయన ఫోన్ కలుస్తలేదు. మీ నంబర్ గూడ ఎత్తుతలేరు. మా అవ్వ, నేను కాలనీలన్ని తిరిగినం, క్వార్టర్ క్వార్టర్‌కు పోయి గట్టయ్య ఇల్లేదని అడిగినం. ఒక గట్టయ్య దొరికిండు గని ఆయన ఎన్నడు దుబాయ్ పోలేదట. మీ ఇల్లు జర చెప్పుండ్రి. మీకు దండం పెడుత.'

కింద ఫోన్ నంబర్. దాని కింద మళ్లీ అదే అమ్మాయి: 'కాకా, ఇల్లు చెప్పుండ్రి.' దాని కింద మళ్లీ.

పోయినవాడి ఇంటికి పోయి అడగాలి. అదే రివాజు. తల్లీ బిడ్డలు ఎండలో, లేని మనిషి ఇంటి కోసం, తలుపు తలుపూ కొట్టారు.

 సాగర్ అక్క భుజం మీదుగా చదివాడు. చదివి, చదువు రాని తల్లికి వినిపించాడు.

బాలవ్వ చాట కింద పెట్టింది. గద్దె మీది కొత్త బ్యాగు అందుకుని, మడత పెట్టిన అంగీలన్నీ గుంజి అవతల పడేసింది. "గా కంప్యూటర్ గీ బ్యాగుల పెట్టు" అంది. "నస్పూర్ పోతందుకు మంచిర్యాల బస్సు ఎన్నింటికున్నదో సూడుపో సాగర్."

"పాస్‌పోర్టుకు ఠాణల దరఖాస్తు ఇయ్యాలె గదవ్వా."

"నీ ఒక్కని మాట ఇంటరా? గా పిల్లను గూడ ఎంబడి తోల్కపోదాం. ముందుగాల గా పిల్ల కాడికి పోవాలె." బిడ్డ వైపు తిరిగింది. "చెయ్. ఫోన్ చెయ్. వస్తున్నమని చెప్పు."

వినోద నంబర్ కొట్టింది. అవతల ఫోన్ ఒడిలోనే పెట్టుకుని ఉన్నట్టు వెంటనే ఎత్తారు.

"ఎవలు? గట్టయ్య కాక ఇంటోళ్లా?" చిన్నపిల్ల గొంతులా ఉంది. "హలో? కాక ఉన్నడా? జర ఇయ్యుండ్రి ఫోన్!"

వినోద ఫోన్ పట్టుకుని నిలబడింది. ఇన్ని గొంతులతో రాసిన మనిషికి తన గొంతు పెగలలేదు. బాలవ్వ ఆమె చేతిలోంచి ఫోన్ గుంజుకుంది.

"బిడ్డా, నేను జమ్మికుంట నుంచి మాట్లాడుతున్న, బాలవ్వను. గట్టయ్య లేడు బిడ్డా. గా మాటలు రాసింది నా బిడ్డనే. దాన్ని తోల్కొని మీ ఇంటికే వస్తున్న. మీ ఇల్లేడనో చెప్పు."

 అవతల, ఇంట్లో ఉన్న తల్లిని పిలుస్తూ, "అవ్వా..." అని ఒక్క కేక.