దొరసానికి ఒళ్ళు బాగాలేదు

పిల్లి శాపాలకు ఉట్లు తెగవని సామెత. మా ఇంట్లో శాపాల దాకా రానక్కర్లేదు. పిల్లి ఒకసారి తలెత్తి చూస్తే చాలు, నా భార్య పొన్నుతాయి ఉట్టి దింపేసేది. దానికి మీగడ, నాకు మజ్జిగ.

ఆ పిల్లిని ఇంటికి తెచ్చిన పాపం మళ్ళీ నాదే. విరుదుపట్టిని విరుదునగరం అనడం అప్పుడప్పుడే మొదలైంది. అక్కడి మండీలో పత్తి దించి, ఖాళీ గోనెలు బండిలో వేసుకొస్తే, ఒక గోనెలోంచి తెల్లటి పిల్లికూన దిగింది. కళ్ళు నీలం. పొన్నుతాయి దానికి దొరసాని అని పేరు పెట్టింది. పేరుకు తగ్గట్టే అది పని ముట్టేది కాదు. ఎలుక ఎదురొస్తే దారిచ్చి తప్పుకునేది.

మాకు పిల్లలు లేరు. ఈ మాట ఇక్కడే చెప్పేస్తే మేలు, తర్వాత ఎవరూ నన్ను అడగక్కర్లేదు.

ఒక యేడు ఐప్పసి నెల వానల్లో దొరసానికి జబ్బు చేసింది. మీగడ పెడితే మొహం తిప్పుకుంది. గొంతులో కఫం గురగురమంటోంది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. పొన్నుతాయి పాత చీరతో దూలానికి ఉయ్యాల కట్టి, దాన్ని అందులో పడుకోబెట్టింది. తనూ అన్నం మానేసింది.

"బావా, కోయిల్‌పట్టికి పొయ్యి వైద్యుణ్ణి పిల్చుకోని రా."

"పిల్లికి వైద్యుడా? ఊరోళ్ళు నగరా?"

"నగనీ. ఇది పోతే ఈ ఇంట్లో నా ఎనకాల తిరిగేదానికి ఇంక ఎవరుండారు?"

నేను లేనా అనబోయి, ఆమె కళ్ళు చూసి లేచాను. బండి కట్టాను.

కోయిల్‌పట్టి తంగసామి వైద్యుడికి హస్తవాసి ఎంతో కోపమూ అంతే. ఎవరో మేకను తోలుకొస్తే మందు నూరే బండ పట్టుకుని తరిమాడని చెప్పుకునేవారు. ఆయన గుమ్మంలో నిలబడేసరికి నా చూపంతా ఆ బండ మీదే ఉంది. మేం ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. పిల్లిని అరవంలో పూనై అంటారని నాకు ఉగ్గుపాలనాడే తెలుసు. కాని ఆ పూట కాళ్ళు గడప దాటాయి గాని నాలుక దాటలేదు.

"ఐయా, పిల్లిక్కు ఒడంబు సరియిల్లె" అన్నాను, ఒళ్ళు బాగాలేదని.

ఆయన నూరడం ఆపి చటుక్కున లేచాడు. "పిళ్ళెక్కా?"

పిళ్ళె అంటే అరవంలో బిడ్డ. దిద్దవచ్చు. దిద్దితే బండ. అందుకని దిద్దలేదు. అబద్ధం మాత్రం ఒక్కటీ ఆడలేదు, అమ్మవారి మీద ఒట్టు.

బండిలో దారి పొడుగునా ఆయన అరవంలో అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను.

"వయసెంత?"

"మూడేళ్ళు."

"ఏం తింటుంది?"

"పాలు, మీగడ. దొరికితే ఎండుచేపలు. ముల్లు కూడా వదలదు."

"బాగా నడుస్తుందా?"

"ఇంటికప్పు మీద కూడా నడుస్తుంది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "తల్లి కాస్తయినా కనిపెట్టుకుని ఉండదా?"

"నన్నయితే కనిపెట్టదు గాని, దాన్ని బాగానే కనిపెడుతుంది."

"ఒక్కతేనా?"

"ఒక్కతే ఐయా" అన్నాను. అంతసేపూ లోలోపల నవ్వుకుంటున్నవాడికి ఈ జవాబు దగ్గర నవ్వు ఆగిపోయింది. ఎద్దుల్ని అదిలించి సర్దుకున్నాను.

ఇంట్లో ఉయ్యాల చూడగానే వైద్యుడి మొహం మెత్తబడింది. నాడి చూద్దామని చెయ్యి లోపల పెట్టాడు. బొచ్చు తగిలింది. చెయ్యి లాక్కుని చీర తొలగించి చూశాడు.

"నాయక్కరే! ఇదు పూనై!"

"మా తెలుగులో దాన్నే పిల్లి అంటారు ఐయా. నేను పిల్లి అనే చెప్పాను" అన్నాను దూలం వైపు చూస్తూ.

ఆయన మందుల సంచి భుజాన వేసుకుని, బండి కట్టమన్నాడు. నా తెలివి అక్కడితో సరి.

అప్పుడు పొన్నుతాయి గడపకు అడ్డంగా వచ్చి నిలబడింది. నేను చేసుకొచ్చిన నిర్వాకం ఆమెకేమీ తెలియదు. చేతులు జోడించి, అరవంలో, తడబడకుండా అడిగింది.

"ఐయా, ఎన్ పిళ్ళె పొళైక్కుమా?"

నా బిడ్డ బతుకుతుందా అని. నేను అన్నది పిల్లి, ఆయన విన్నది పిళ్ళె. ఆమె మాత్రం పిళ్ళె అనే అంది. నాకు ఏడుపొచ్చింది.

వైద్యుడు సంచి దించాడు. పెరట్లో పెంటకుప్ప పక్కన మొలిచిన కుప్పింటాకు పీకి, రసం తీసి, దొరసాని నోట్లో పిండాడు. పిల్లల కఫానికీ ఇదే ఆకు అని విసుక్కున్నాడు. దొరసాని ఆ కఫమంతా ఆయన పంచె మీద కక్కి, పోతూ పోతూ ఆయన ముంజేతిని బరబరా గీరింది.

"బతుకుతుంది" అన్నాడు చెయ్యి తుడుచుకుంటూ.

బతికింది. ఉట్టి మళ్ళీ దిగింది. నాకు మళ్ళీ మజ్జిగే.

ఆ తర్వాత కోయిల్‌పట్టి సంతలో ఆయన ఎదురయ్యాడు. నన్ను ఏడిపించడానికే జనం మధ్యలో గొంతెత్తి అరిచాడు.

"నాయక్కరే! పిళ్ళె ఎప్పిడి ఇరుక్కు?"

బిడ్డ ఎలా ఉందని. పక్కన మా ఊరివాళ్ళు ఉన్నారు. మాకు పిల్లలు లేరని ఎరిగినవాళ్ళే. బేరాలు ఆపి అందరూ నా నోటికేసి చూశారు.

"పిళ్ళె నల్లా ఇరుక్కు ఐయా" అన్నాను, బిడ్డ బాగుందని.

ఈసారి నాలుక జారలేదు.