టైలరు నోటి కొలతలు

టైలరు నోట్లో ఏముందోగానీ, అతను ఏమంటే అదయ్యేది. ఎంత లావు మనిషి వచ్చినా నడుముకు టేపు చుట్టి "ముప్పై రెండు" అనేవాడు. ఆ మాటతో పొట్ట బుద్ధిగా లోపలికి పోయేది, టేపు కూడా ముప్పై రెండే చూపించేది. జనం బట్టల సంగతి మరిచిపోయి ఉత్త కొలతలకే ఎగబడేవారు. అదే దుకాణంలో ఓ మూల ఇస్త్రీ చేసుకునే నాకు వాళ్లను చూస్తే ఒళ్లు మండేది.

ఎందుకంటే ఆ వైభోగం వీధి మలుపు దాకానే. అక్కడికి చేరేసరికి పొట్ట యథాస్థానానికి వచ్చేసేది. టైలరు తీపి మాటకు అంతే ఆయుష్షు. అయినా ప్యాంట్లు సరిపోయేవంటే అది అతని భార్య చలవ. మొగుడు చెప్పే అంకె ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసి, మనిషిని ఓసారి కంటితో చూసి గుడ్డ కత్తిరించేది.

ఓ రోజు ఒక కాంట్రాక్టరు పొట్ట లోపలికి పోతుంటే ఆవిడ ఉండబట్టలేక, "ఎందుకండీ ఆయన్ని మోసం చేస్తారు, నలభై నాలుగు ఉంటుంది" అంది. కాంట్రాక్టరు ముఖం మాడిపోయింది. అందరిలో పరువు పోయిందని టైలరు మండిపడ్డాడు.

"నీ గొంతు ఇక నా చెవిన పడకూడదు."

అంతే. అతనికి మిషను చప్పుడు వినిపిస్తోంది, ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది, భార్య మాట మాత్రం వినిపించడం లేదు. ఈ చేదు మాట మాత్రం మలుపు దగ్గర ఆగలేదు. వారాలు గడిచినా పోలేదు.

మొదట్లో ప్రాణం హాయిగా ఉందన్నాడు. తర్వాత ఆవిడ ఏదో అంటే దుకాణంలో మేమంతా నవ్వుతుంటే, "ఏమంది, ఏమంది?" అని మా చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మేం చెప్పలేదు. నేనైతే కావాలనే చెప్పలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం, ఆ కాంట్రాక్టరు మళ్లీ కొలతలకు వచ్చి ఉండగానే, టైలరు వెళ్లి ఆవిడ ముందు చతికిలపడ్డాడు. "తప్పయిపోయింది. నీ మాట నాకు వినిపిస్తుంది" అన్నాడు. ఆవిడ చిన్నగా దగ్గింది. ఆ దగ్గు వినిపించి అతని కళ్లు నిండిపోయాయి.

"తొందరగా ఏదైనా అను. తిట్టైనా ఫర్వాలేదు."

ఆవిడ సూదిలో దారం ఎక్కించింది. ఒక అంచు మడిచి కుట్టింది. దారం కొరికింది. మనిషి తాపీగా నడిచి మలుపు చేరేంతసేపు గడిచిపోయింది.

అప్పుడు తలెత్తి, అతని కళ్లలోకి చూస్తూ, మెల్లగా, చాలాసేపు మాట్లాడింది. అతను ఆవిడ పెదవులనే చూస్తూ కూర్చున్నాడు. మేమంతా విన్నాం. కాంట్రాక్టరు కళ్లు తుడుచుకున్నాడు.