గున్నమ్మ మూడు డబ్బాలు, నా గొప్ప చూపు

నన్ను మైక్రోస్కోప్ అంటారు. ఒంటి కంటిదాన్ని, నల్లదాన్ని, ఒకప్పుడు బాగా గర్విష్ఠిని కూడా. ఇప్పుడు స్టోరు గదిలో విరిగిన స్ట్రెచర్ పక్కన కూర్చున్నాను కాబట్టి నిజం చెప్పడానికి మొహమాటమేమీ లేదు. అంబాలాలో ఒక కార్ఖానాలో పుట్టాను. ఒక కాలేజీలో పదేళ్లు ఉల్లిపాయ పొరలు చూపించాను. అక్కడ కొత్తవి రాగానే ఈ ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో వచ్చి పడ్డాను. ఇక్కడ నా ముందు పెట్టేవి ఉల్లిపొరలు కావు. ఏమిటో చెప్పను, మీరు అన్నం తినే వేళేమో.

నాకు తెలియని పురుగు లేదని తెగ విర్రవీగేదాన్ని. ఒకసారి గాలి బుడగని బద్దె పురుగు గుడ్డులా చూపించి, పాపం ఒక హెడ్మాస్టరు గారి చేత అక్కర్లేని మాత్రలు మింగించాను. ఆయన ఒళ్లు తేలికపడిందని వచ్చి థాంక్స్ కూడా చెప్పి వెళ్లారు. మనుషులు అంతే, నాకంటే వింతవాళ్లు.

ఇక గున్నమ్మ సంగతి. ఆమె కూతురు హేమలతకి తొమ్మిదేళ్లు. బడిలో మూర్ఛ వచ్చి పడిపోతే వార్డులో చేర్చారు. స్కాన్‌లో మెదడులో బద్దె పురుగు తిత్తులు కనిపించాయి. డాక్టరు గారు గున్నమ్మకి విడమరిచి చెప్పారు. "ఎవరి కడుపులోనో పురుగుంటే దాని గుడ్లు చేతులంటుకుని తిండిలో కలుస్తాయి. ఇంట్లో ఉండేది మీరిద్దరే కదా. ముందు నిన్ను పరీక్ష చెయ్యాలి." తల్లి కడుపులో పురుగు అలాగే ఉండిపోతే, పిల్ల బాగై ఇంటికెళ్లినా మళ్లీ అదే చెయ్యి, మళ్లీ అవే గుడ్లు.

ఆ గుడ్లు రోజూ కనబడవు. అందుకే మూడు ఖాళీ డబ్బాలిచ్చి, మూడు రోజులు, పొద్దున్నే ఒక్కోటి నింపి తెచ్చివ్వమని మా టెక్నీషియన్ సుభాషిణి మేడమ్ చెప్పింది. గున్నమ్మ తలూపింది. రోజూ డబ్బా కొంగు చాటున తెచ్చి, బల్ల మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయేది. నేను మూడు రోజులూ ఉన్న ఒక్క కన్నూ చిల్లులు పడేలా చూశాను. గుడ్లు లేవు. గోంగూర పీచు మాత్రం దండిగా ఉంది. పురుగూ లేదు, పుట్రా లేదని నా మట్టుకు నేను తేల్చేశాను.

మేడమ్ రిపోర్టు రాయబోయి ఆగింది. మూడో స్లైడు మళ్లీ చూసింది. గున్నమ్మని పిలిపించింది.

"ఏమ్మా, మూడు రోజుల్నుంచీ మీకు వార్డులో పప్పుచారే కదా పెడుతున్నారు. గోంగూర ఎక్కడ దొరికింది?"

గున్నమ్మ నేల చూపులు చూసింది. "అది ఇంటికాడ తిన్నదేనమ్మా. మొదటి రోజే మూడు డబ్బాల్లోనూ సర్దేసేను. రోజూ అది అట్టుకుని మగోళ్ల క్యూ పక్కనుంచి రావాలంటే సిగ్గేసింది. మిగతా రెండూ మంచం కింద దాసేను."

నాకు తల కొట్టేసినట్టయింది. మూడు రోజులు అదే గోంగూరని చూశాను, అనుమానమైనా రాలేదు. నా తెలివికి ఆ రిపోర్టు వదిలేసి ఉంటే ఆ పిల్ల గతేమిటి?

మేడమ్ కసరలేదు. వెనక కిటికీ చూపించి, "రేపట్నుంచి ఇక్కడికి రా, ఇటు ఎవరూ ఉండరు" అంది. మళ్లీ మూడు రోజులు. మూడోనాడు గుడ్లు కనిపించాయి. గుండ్రంగా, గోధుమ రంగులో, అంచు చుట్టూ సన్నటి గీతలతో ఉన్నాయి. మేడమ్ రెండుసార్లు చూసింది. నా మాట మీద ఆమెకి అంత నమ్మకం మరి.

గున్నమ్మ తనకీ చూపించమంది. నా కంట్లోకి చాలాసేపు చూసింది.

"ఇయ్యి నా కడుపులోయేనా అమ్మా?"

"అవునమ్మా."

"అయితే నా సేత్తోనే దానికి పెట్టేసేను." ఆమె చెయ్యి వెనక్కి దాచుకుంది. "ఇంక పిల్లకి ముద్ద కలపను. ఈ సెయ్యి దాని దగ్గరికి ఎల్లనివ్వను."

దేన్నయినా పెద్దది చేసి చూపిస్తానని మురిసిపోయిన నాకు, ఆ పూట కన్ను మూసుకోవాలనిపించింది. నాకు రెప్ప లేదు.

మేడమ్ ఆమె చేత డాక్టరు గారు రాసిన మాత్ర మింగించింది. కుళాయి దగ్గరికి తీసుకెళ్లి సబ్బుతో గోళ్ల దాకా తోమించింది. "తెలియక జరిగింది. ఇలా కడుక్కుని పెట్టు. అంతేగానీ పెట్టడం మానకు" అంది.

ల్యాబ్ ఎదురుగానే పిల్లల వార్డు. తలుపు తీసే ఉంది. గున్నమ్మ చేతులు ఇంకోసారి కడుక్కుని, ముద్ద కలిపి, పిల్ల నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది. హేమలత రెండు చేతులతో తల్లి చెయ్యి పట్టుకుని తనే నోట్లో పెట్టుకుంది.