తొక్కించని నిమ్మకాయ

చావు ఎదురైన క్షణంలో అల్లా ఒక్కడేనని చాటే కలిమా తన నోట వస్తుందా, రాదా? ఇమాంకు ఈ అనుమానం చాలా ఏళ్లుగా ఉంది. ఆఖరి శ్వాసలో ఆ మాట పలికినవాడు ధన్యుడని మసీదులో హజ్రత్ చెప్పినప్పుడల్లా అతను తలొంచుకుని ఆలోచించేవాడు. మంచాన పడి పోయేవాళ్లకు కాస్త తీరిక ఉంటుంది. డ్రైవరుకు ఏముంటుంది? ఎదురుగా లారీ వచ్చేస్తుంటే కన్ను రోడ్డు మీద, చెయ్యి స్టీరింగు మీద, కాలు బ్రేకు మీద ఉంటాయి. నోరు ఏమంటుందో ఎవరికి తెలుసు? అడిగితే నవ్వుతారని ఎవరినీ అడగలేదు. రోజూ పొద్దున బండి తీసేముందు మాత్రం, ఎందుకైనా మంచిదని, ముందుగానే చదివేసుకునేవాడు. ముందే చదివినది చివరికి లెక్కలోకి వస్తుందో రాదో అల్లాకే తెలియాలి.

ఆ రోజు హిందూపురంలో, దేవసహాయం షెడ్డు ముందు, రెండుసార్లు చదువుకున్నాడు.

దేవసహాయం బెంగుళూరులో వాడిన పెద్ద పెద్ద కార్లను తెచ్చి అమ్మే మనిషి. షెడ్డు ముందు రెండు కార్లు నిలబెట్టాడు. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. రెండూ వేగానికి పేరుపడ్డ కార్లే, ఒకదానికొకటి పోటీగా రెండు కంపెనీలు చేసినవి. తెల్లది నిండుగా, నిదానంగా కనిపిస్తోంది. నల్లది నేలకు ఆనుకుని, ముందుకు దూకబోతున్నట్టు ఉంది.

"చూడప్పా ఇమామూ," అన్నాడు హనుమంతరాయుడు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి ఆయన. ఇమాం ఆయన దగ్గర జీపు రోజుల నుంచి డ్రైవరు. "రెండూ నడిపి చూస్తాం. నాకు కార్ల సంగతి తెలీదు. నువ్వు యాది మేలంటే అది కొంటా. నీ మాటే ఆఖరు."

ఆ మాట ఇమాం నెత్తిన బండరాయిలా పడింది. ఎందుకంటే పక్కనే మహేష్ నల్ల కారు చుట్టూ తిరుగుతున్నాడు. హనుమంతరాయుడికి ఒక్కడే కొడుకు. ఇమాం ఒళ్లో కూర్చుని జీపు స్టీరింగు పట్టుకున్న పిల్లవాడు. చదువు ముగించుకుని వచ్చాడు. పోయిన ఏడాదే మోటారు సైకిలు మీద పడి మోకాలికి కుట్లు వేయించుకున్నాడు. ఈ నల్ల కారు ఇంటికి వస్తే నడిపేది వాడే. వాడు ఎట్లా నడుపుతాడో ఇమాంకు తెలుసు.

"మామా, నల్లదాన్నే చెప్పల్ల నువ్వు," అని మహేష్ చెవిలో గొణిగాడు. "ఆ తెల్లది పెండ్లికూతుర్ని అంపించే బండి."

"నువ్వు ఆ పెండ్లేదో చేసుకోప్పా ముందు," అన్నాడు ఇమాం. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

కొత్త బండి తీసేముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం వాళ్ల ఇంట్లో తప్పని పద్ధతి. ఇమాం నిమ్మకాయలు తెచ్చి వంగబోతే హనుమంతరాయుడు చెయ్యి పట్టి ఆపాడు.

"తొక్కించొద్దు! నిమ్మకాయలు తొక్కిస్తే బండి మనదైపాయ. ఇంగ దేవసహాయం ధర దించుతాడా?"

"దించనన్నా," అన్నాడు దేవసహాయం నవ్వుతూ.

వ్యాపారికి ఆ ఎత్తు సరిపోయింది గానీ ఇమాం మనసు ఒప్పుకోలేదు. దిష్టి తీయని బండిలో ఈ పిల్లవాణ్ణి ఎట్లా కూర్చోబెట్టేది? గురువారం పెనుకొండ బాబయ్య దర్గాలో చదివించి తెచ్చిన నిమ్మకాయ ఒకటి అతని జేబులో ఉంది. గట్టి పచ్చి కాయ. ఎవరూ చూడకుండా దాన్ని తీసి తెల్ల కారు ముందు అద్దం కింద ఓ మూలకు పెట్టాడు.

తెల్ల కారును పెనుకొండ దాకా ఇమామే నడిపాడు. పక్కన హనుమంతరాయుడు, వెనక మహేష్. దేవసహాయం నల్లదాన్ని వెనకే తోలుకొచ్చాడు. తెల్లది పల్లకీలా సాగింది. గుంతలో పడినా తెలియలేదు. మలుపుల్లో మాత్రం ఒళ్లు కాస్త పక్కకు ఒరిగేది, మనం తిప్పిన తర్వాత ఒక క్షణం ఆలోచించి తిరిగేది.

"మామా, పక్కన ఎద్దులబండి హారను కొడతాంది, దారియ్యి," అన్నాడు మహేష్ వెనక నుంచి.

పెనుకొండలో టీ తాగి బండ్లు మారారు. ఇమాం నిమ్మకాయను కూడా నల్ల కారులోకి మార్చాడు. అయిదారు మైళ్లు తానే నడిపాడు. అప్పుడు అతనికి భయం ఇంకోలా పట్టుకుంది. ఆ బండి బాగుంది. చాలా బాగుంది. సీటు గట్టిది, రోడ్డు మీద గులకరాయి కూడా నడుముకు తెలుస్తోంది. కానీ మనసులో అనుకుంటే చాలు, చక్రం తిరుగుతోంది. బ్రేకు మీద కాలు పెడితే నేలను పట్టుకున్నట్టు నిలుస్తోంది. నిజం చెప్పాలంటే ఇదే మేలైన బండి. నిజం చెబితే మహేష్ చేతికి ఇదే వస్తుంది.

"ఇంగ నేను నడపతా, దిగు మామా."

హనుమంతరాయుడు వెనక సీట్లోంచి "ఇయ్యప్పా, కుశాల తీర్చుకోనీ" అన్నాడు. ఇమాం పక్క సీట్లోకి మారాడు. వెనక తెల్ల కారులో దేవసహాయం చాలా దూరంలో ఉన్నాడు.

నాలుగు వరుసల రోడ్డు అప్పుడప్పుడే పడుతోంది. నున్నటి తారు కాసేపు, తర్వాత రాళ్లు అడ్డం పెట్టి పక్క మట్టిదారిలోకి మళ్లింపు. మహేష్ కాలు అదిమాడు. రెండు పక్కలా చెనిక్కాయ చేలు వెనక్కి పరిగెత్తాయి. స్పీడు ముల్లు నూటనలభై దాటింది.

"నిదానం నాయనా," అన్నాడు ఇమాం.

"భయపడద్దు మామా. చూడు ఎట్ల పోతాండాదో!"

లారీని దాటి మహేష్ విసురుగా ఎడమకు కోశాడు. అప్పుడు కనిపించింది మళ్లింపు. దాని మొదట్లో కాయలు కోసేసిన చెనిక్కాయ చెట్ల కట్టె ఎత్తుగా వేసుకున్న ట్రాక్టరు మెల్లగా మట్టిలోకి దిగుతోంది. కట్టె పైన ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మహేష్ బ్రేకు తొక్కాడు. బండి కొంచెం తగ్గింది, కానీ ఆగలేదు. మళ్లీ తొక్కాడు.

"మామా, పడటంల్యా! బ్రేకు పడటంల్యా!"

ట్రెయిలరు మీది ఆడవాళ్ల మొహాలు దగ్గరకొచ్చేస్తున్నాయి. ఎర్ర రవిక తొడుక్కున్న ఒకామె చేత్తో నోరు మూసుకుంది. ఇమాం నోరు తెరుచుకుంది.

"కాలెత్తు! ఎత్తరా!"

గేరు కడ్డీని కిందికి లాగాడు. ఇంజను కేక పెట్టింది. చేతి బ్రేకును కొంచెం కొంచెంగా ఎత్తుతూ, రెండో చేత్తో స్టీరింగును పక్కన రోడ్డు కోసం పోసిన వదులు మట్టిలోకి తోశాడు. కారు మట్టిని చీల్చుకుంటూ ఊగింది, జారింది, మళ్లీ నిలదొక్కుకుంది, బోర్లాపడలేదు. ట్రాక్టరు చక్రానికి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆగిపోయింది.

దుమ్ము. పైనుంచి ఒక ముసలామె తిట్లు మొదలుపెట్టాక అందరూ బతికే ఉన్నామని తెలిసింది.

మహేష్ తలుపు తీసుకుని పోయి రోడ్డు పక్కన కక్కుకున్నాడు. హనుమంతరాయుడు వాడి వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఇమాం కారులోకి వంగి చూశాడు. బ్రేకు పెడలు వెనక ఇరుక్కుని ఉంది నిమ్మకాయ. ఒక పక్క చదునుగా నొక్కుకుపోయి, తొక్క పగిలి, వాసన కొడుతోంది.

దాన్ని లాగి జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో ఆ క్షణంలో అతనికే తెలియదు.

దేవసహాయం వచ్చి చేరాడు. హనుమంతరాయుడు అతని మీద విరుచుకుపడ్డాడు. "బ్రేకుల్లేని బండి అంటగడతావా నాకు? నా కొడుకును సంపడానికా?" దేవసహాయం బిత్తరపోయి నల్ల కారెక్కి పెడలు తొక్కి చూశాడు. మట్టిలోంచి బయటకు తీసి ముందుకు, వెనక్కు నడిపాడు. "బాగనే పట్టుకుంటాందే అన్నా! ఈడనే చూడు!"

"నీ బండి నువ్వే తోలుకో. మేం తెల్లదాంట్లో పోతాం."

తెల్ల కారు నడుపుతున్న ఇమాం లోపల లెక్క సరిపోవడం లేదు. నోట కలిమా రాలేదు. వచ్చింది 'కాలెత్తరా' అన్న మాట. ఆ సంగతి ఒక పక్క. జేబులో తడిగా ఉన్నది ఇంకో పక్క. నోరు మూసుకుంటే చాలు. నల్లది వద్దనడానికి తాను అబద్ధం కూడా చెప్పనక్కర లేదు. మహేష్ ఆ బండి ఎక్కడు, బతుకుతాడు. దేవసహాయం బండికి చెడ్డపేరు వస్తుంది, అంతే కదా. అంతేనా? దర్గాలో చదివించి తెచ్చిన కాయే ఇట్లా ఎందుకు చేసింది? కాయ తప్పా, పెట్టిన చెయ్యి తప్పా?

చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే దిగి ధర్మవరం దారి పట్టాక హనుమంతరాయుడు అన్నాడు, "ఇంటికి పోవద్దప్పా. ఈ మొగాలు చూస్తే వీళ్లమ్మ కమలాక్షి తలుపు దగ్గరే అంతా కక్కిస్తాది. నీ ఇంటికి పోనీ. కొంచేపు కూచుందాం."

ఇమాం ఇల్లు ఊరి మొదట్లోనే. అతని భార్య హసీనాబీ ముగ్గురి మొహాలూ చూసి ఏమీ అడగకుండా చాప పరిచి నీళ్లిచ్చింది. కాసేపటికి దేవసహాయం కూడా నల్ల కారును వాకిట్లో ఆపి వచ్చాడు.

"ఆన్నుంచి ఈడికి నేను నడుపుకోని రాలేదాన్నా? బ్రేకు లేకుంటే ఎట్లొస్తా?"

"నల్లదాని ఊసెత్తొద్దు," అన్నాడు హనుమంతరాయుడు.

అప్పుడు మహేష్ నేల చూస్తూ మెల్లగా అన్నాడు. "బండి కాదేమో నాయనా. నా కాలికే ఏమో అయ్యింటాది. తొక్కినాననే అనుకుంటాండా. తొక్కలేదేమో. నాకేం తెలుస్తాంల్యా."

వాడి కుడికాలు చాప మీద ఇంకా వణుకుతోంది. తన కాలి మీద తనకే నమ్మకం పోయిన మనిషి రేపు ఏ బండి నడిపినా చస్తాడు. ఇమాం జేబులో చెయ్యి పెట్టి నిమ్మకాయ తీసి చాప మధ్యలో పెట్టాడు.

"బండీ కాదు, నీ కాలూ కాదు. ఇది. బ్రేకు కింద పడింది. పెట్టింది నేను."

హనుమంతరాయుడు కాయను చూశాడు, ఇమామును చూశాడు. "నేను వద్దన్న్యా కదరా."

"తొక్కించొద్దన్న్యావు. నాకు భయమై లోపల పెట్టినా."

"ఆన్నే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నల్లది కొంటావని." ఇమాం మహేష్ వైపు చూపించాడు. "పిల్లోడు దాన్ని ఎట్ల తోలతాడో చూస్తివి కదన్నా."

దేవసహాయం వంగి కాయను వేలితో దొర్లించి చూశాడు. వాకిట్లో కోడి ఒకటి నల్ల కారు కింద దూరి మట్టి కెలుకుతోంది.

హనుమంతరాయుడు కాయను పక్కకు జరిపి అడిగాడు, "ఇప్పుడు చెప్పు. రెండిట్ల యాది?"

తెల్లదని ఒక్క మాట అంటే ఇంకా తప్పించుకోవచ్చు. ఇమాం కళ్లు మూసుకున్నాడు.

"నల్లది. సగం బ్రేకుతో, మట్టిలో అంత జారినా నిలబడింది. బోర్లాపడలేదు. తెల్లదైతే ఏమయ్యేదో, నేను చెప్పలేను. మలుపుల్లో అది ఒరిగేది నాకు తెలుసు."

"నాకొద్దు నాయనా," అన్నాడు మహేష్.

"నీకెవరు కొంటాండారు? నాకు కొంటాండా. ఇమాం తోలతాడు. నువ్వు పక్కన కూచుంటావు, వాడు తోలమన్న్యాంక ముట్టుకుంటావు. సరేనా?"

"పక్కన చాలు," అన్నాడు మహేష్. "మామా, నువ్వే తోలు."

వాడు ఈ మాట మీద ఎన్నాళ్లు నిలబడతాడు? కాలి వణుకు తగ్గేదాకానా? ఇమాం భయం పోలేదు, ఇంకో చోటికి మారి కూర్చుంది. కానీ ఇప్పుడది అతని ఒక్కడిదే కాదు, ఆ తండ్రి కళ్లల్లో కూడా ఉంది.

హసీనాబీ గుమ్మంలోకి వచ్చింది. "పొద్దు నెత్తికొచ్చింది. సంగటి కెలికినా, ఊరిబిండి నూరినా. తింటారా, మల్ల ఇంకో దినమంటావా అన్నా?"

హనుమంతరాయుడు తలెత్తాడు. ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు వచ్చి, వాకిట్లోనే నిలబడి, బట్టలు చేతిలో పెట్టి, "అన్నం ఇంకో దినం తింటా చెల్లెమ్మా, బాకీ పెట్టుకో" అని వెళ్లిపోయాడు. మహేష్‌ను అప్పటికింకా బడిలో కూడా వేయలేదు. ఆ తర్వాత వచ్చిన రంజాన్లన్నింటికీ ఏదో ఒక పని అడ్డం వచ్చింది. అడ్డం వచ్చింది పనేనా అని హసీనాబీ ఎన్నడూ అడగలేదు.

ఆయన లేచి చేతులు కడుక్కొచ్చి కొడుకు పక్కన మఠం వేసుకుని కూర్చున్నాడు. వేడి సంగటి ముద్దలో గుంట చేసి ఊరిబిండి పచ్చడి పెట్టించుకున్నాడు. మొదటి ముద్ద గొంతు దిగడానికి కష్టపడింది. తర్వాత కంచం ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

"బాకీ తీరిపాయ చెల్లెమ్మా," అన్నాడు.

"అంత సులువా? వడ్డీ ఉండాది," అంది హసీనాబీ, ఇంకో ముద్ద చేతిలోకి తీసుకుని.

హనుమంతరాయుడు కంచం ముందుకు జరిపాడు.