నిట్టూర్పుల కారు

పొద్దున ఏడూ నలభైకి ఆ ఇంట్లో నలుగురూ ఒక వరుసలో కారెక్కేవారు. వరుస తప్పితే మళ్ళీ అందరూ దిగాల్సిందే. రెండే తలుపులున్న స్పోర్ట్స్ కారు మరి. ముందు సీటు వంచితే మొదట నానమ్మ వెనక్కి దూరాలి. ఆమె బక్కపలచని మనిషి, పైగా ఉతికిన చీరలా తనను తాను మడుచుకోవడం వచ్చు. ఆమె తర్వాత మనవరాలు. పదకొండేళ్ళది, ఇంట్లో అందరూ పిడుగు అంటారు. పిడుగు ఒళ్ళో స్కూలు బ్యాగు, బ్యాగు మీద నాలుగు టిఫిన్ డబ్బాలు. అప్పుడు ముందు సీటు నిటారుగా పెట్టి కొడుకు కూర్చునేవాడు. స్టీరింగు కోడలిది. ముచ్చటపడి కారు కొన్నది కొడుకే అయినా, క్లచ్చు ఏనాడూ అతని కాలి మాట వినలేదు.

కారు ఎర్రగా, నేలకి అంటుకుపోయినట్టు ఉండేది. నాలుగే సిలిండర్లు. అయితే టర్బో ఉంది. మామూలు టర్బో కార్లలో ఇంజను వదిలే పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇంజనులోకి ఇంకాస్త గాలి నెడుతుంది, బండి దూసుకుపోతుంది. ఈ కారులో ఆ చక్రాన్ని తిప్పేది లోపల కూర్చున్నవాళ్ళ నిట్టూర్పులు. అంతే తేడా.

"దీని పాత ఓనరు ప్రేమలో దెబ్బతిన్నాడు సార్," అని మెకానిక్ మొదటి రోజే చెప్పాడు. "రెండేళ్ళు విమానంలా తోలాడు. తర్వాత ఆ అమ్మాయే మనసు మార్చుకుంది. పెళ్ళయిన నెలకల్లా పికప్ పడిపోయింది. ఏం చేస్తాడు పాపం, వదిలించుకున్నాడు. మీకేం సార్, సంసారం ఉంది, షాపుంది, చదువుకునే పిల్లుంది. ఢోకా లేదు. ఆయిలు మాత్రం టైముకి మార్చండి. నవ్వు నాలుగు విధాల చేటంటారు కదా, ఈ బండిలో నాలుగు సిలిండర్లకీ చేటే."

అతని మాట నిజమే అయింది. సోమవారాలు కారు బాగా పరిగెత్తేది. కొడుకుది కళ్ళజోళ్ళ షాపు. "అన్నీ బాగానే కనిపిస్తున్నాయండీ, కానీ ఏదో వెలితిగా ఉంది" అంటూ మూడోసారి అద్దాలు మార్పించుకునే పెద్దమనిషి ఒకాయన సోమవారాలే వచ్చేవాడు. ఆయన గుర్తొచ్చి కొడుకొక నిట్టూర్పు వదిలితే, సిగ్నలు ఎర్రబడేలోగా కూడలి దాటేసేవారు. లెక్కల పరీక్ష రోజున పిడుగు నిట్టూరిస్తే ఫ్లైఓవరు మీద అందరి వీపులూ సీట్లకి అతుక్కుపోయేవి. కోడలు నీళ్ళ ల్యాబులో కెమిస్టు. పన్నెండేళ్ళుగా అదే బల్ల, అవే సీసాలు, తన రిపోర్టుల కింద వేరొకరి సంతకం. ఆమె నిట్టూర్పు చిన్నదే గానీ, రోజూ తప్పకుండా ఉండేది. ఇంటి నుంచి ల్యాబు దాకా కారుకి సరిపోయేది.

ఆ కారులో ఒక నియమం ఉండేది. ఎవరు నిట్టూర్చినా ఎందుకని అక్కడికక్కడ అడగకూడదు. అడిగితే మాట పెరుగుతుంది, మాట పెరిగితే స్టీరింగు చెదురుతుంది. అడిగేదేదో సాయంత్రం ఇంటికొచ్చాక అడగాలి. చూడ్డానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు. స్టీరింగు పక్కనే గుండ్రటి టర్బో మీటరు ఉంది. నిట్టూర్పు ఎంత పెద్దదో దాని ముల్లు చెప్పేస్తుంది. రానురాను ఆ ఇంట్లో మనుషుల మొహాలు చూడ్డం తగ్గి, ముల్లు చూడ్డం అలవాటైపోయింది. ముల్లు లేస్తే బాధ ఉన్నట్టు, లేవకపోతే లేనట్టు.

నానమ్మకి ముల్లు ఏనాడూ లేవలేదు. "మా అమ్మ నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుందయ్యా, ఏ చింతా అంటదు," అని కొడుకు షాపుకొచ్చిన వాళ్ళకి గొప్పగా చెప్పేవాడు. సుఖంగా బతకాలంటే ఆవిడలా బతకాలని వాళ్ళూ తలలూపేవారు.

నిజం ఆమె చేతిసంచిలోని సూదులదిండుకి తెలుసు. నానమ్మ ముప్ఫై ఏళ్ళు స్కూలు యూనిఫారాలు కుట్టింది. రెండు చేతులూ బట్ట మీద ఉంటాయి కాబట్టి గుండుసూదులు పెదాల మధ్య పట్టుకునేది. నోట్లో సూదులున్న మనిషి నిట్టూర్చకూడదు. నిట్టూర్చాలంటే ముందు నోరు తెరిచి గుండెల నిండా గాలి పీల్చాలి, పీలిస్తే సూది గొంతులోకి పోతుంది. ఆమె భర్త పోయిన నెలలోనే స్కూళ్ళు తెరిచారు. రెండొందల నలభై చొక్కాలు. ఇద్దరు పిల్లలు పక్కనే నిద్రపోతుంటే వాటికి కాలర్లు వేస్తూ ఆమె ఆ విద్య నేర్చుకుంది. లోపలి నుంచి నిట్టూర్పు తన్నుకొస్తుంటే ముక్కుతో కాస్త కాస్త గాలి పీల్చి, మిగతాది మింగెయ్యడం. తర్వాత తర్వాత సూదులు లేనప్పుడు కూడా పెదాలు అలాగే బిగుసుకునేవి. ఇప్పుడు కొడుకు షాపులో ఒక మూల మిషన్ వేసుకుని కళ్ళజోళ్ళకి గుడ్డ సంచులు కుడుతోంది. ఆ మూల ఆమెకి ప్రాణం.

ఇలా ఉండగా కోడలికి ప్రమోషను వచ్చింది. కొండ మీది ఊళ్ళో నీళ్ళు శుద్ధిచేసే కేంద్రానికి ఆమే పెద్ద కెమిస్టు. ఇక సంతకం ఆమెదే. సోమవారం పొద్దున పదింటికల్లా వెళ్ళి చేరాలి. ఒక్క నిమిషం దాటినా ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఉండడానికి క్వార్టరిస్తారు. ఒక గది, ఒక వంటిల్లు. కొడుకు షాపు అక్కడికే మార్చుకుంటానన్నాడు. పిడుగు హాల్లో పడుకుంటానంది, తీరా కనుక్కుంటే హాలే లేదు. ముగ్గురికే ఇరుకు. అందుకని నానమ్మ పెద్దకొడుకు ఇంటికి వెళ్ళేట్టు మాట్లాడుకున్నారు.

పెద్దకొడుకు మంచివాడే, పెద్దకోడలూ మంచిదే. ఇద్దరూ పొద్దున ఎనిమిదికి వెళ్తే రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరరు. పద్నాలుగో అంతస్తు. "రా అమ్మా, నీకెందుకు, గది ఉంది," అన్నాడతను ఫోనులో. "మిషన్ మాత్రం తేవద్దు. కింది ఫ్లాటు వాళ్ళకి చప్పుడు పడదు."

చిన్నకోడలికి మనసొప్పలేదు. కావాలనే ఆ మాట కారులో ఎత్తింది.

"అత్తయ్యా, అక్కడుండడం మీకు నిజంగా ఇష్టమేనా? మొహమాటపడకుండా చెప్పండి."

"ఎందుకుండదమ్మా? లిఫ్టుంది. కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుందట. ఇన్నేళ్ళు తొక్కిన కాళ్ళు, హాయిగా చాపుకు కూర్చుంటాను."

కోడలు రోడ్డు చూస్తూనే మీటరు వైపు చూసింది. ముల్లు సున్నా దగ్గర కదలకుండా ఉంది. ఆమె మనసు కుదుటపడింది. కొడుకు కూడా ముల్లు చూశాడు, "చెప్పానుగా" అన్నాడు. వెనక నానమ్మ పెదాలు బిగించి, కిటికీలోంచి ఎవరి ఇంటి గోడనో చూస్తూ ఉంది.

సోమవారం నలుగురూ కలిసే బయల్దేరారు. కోడల్ని ఉద్యోగంలో చేర్చి, క్వార్టరు చూసి రావాలని. కొత్త తెల్లకోటు చేతులు రెండంగుళాలు పొడుగొచ్చాయి. ఒక చెయ్యి రాత్రే అయింది, రెండో చెయ్యి మడిచి కుట్టడానికి నానమ్మ వెనక సీట్లో కోటు ఒళ్ళో వేసుకుంది.

"కొండ మలుపుల్లో నోట్లో సూదులేంటమ్మా?" అన్నాడు కొడుకు.

"నువ్వు పుట్టకముందు నుంచీ పెట్టుకుంటున్నా," అంది ఆమె పెదాలు కదపకుండానే.

కొండ మొదలయ్యేదాకా అంతా బాగానే ఉంది. పదకొండు మలుపుల రోడ్డది. రెండో మలుపు తిరగ్గానే కారు డీలాపడింది. కోడలు గేరు తగ్గించింది, ఇంకా తగ్గించింది, చివరికి మొదటి గేరులో ఆయాసపడుతూ పాకడం మొదలెట్టింది. టర్బో వేసే మెత్తటి ఈల చప్పుడు లేదు. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. పాలవ్యాను ఒకటి పక్కనుంచి దాటిపోతూ జాలిగా చూసింది.

"ఏమైంది?" అన్నాడు కొడుకు.

"ఏం కాలేదు. అందరం సంతోషంగా ఉన్నాం," అంది కోడలు నీరసంగా. "టైమెంతయింది?"

"తొమ్మిదీ ముప్ఫై అయిదు. ఈ లెక్కన పదిన్నర దాటుతుంది."

"అయితే ఎవరైనా నిట్టూర్చండి, త్వరగా!"

కొడుకు కళ్ళు మూసుకుని సోమవారం పెద్దమనిషిని తలుచుకున్నాడు. ఇక ఆయన బెడద లేదని గుర్తొచ్చి నవ్వొచ్చేసింది. ముల్లు సున్నా కన్నా కిందికి పోయింది. పిడుగు తనకు లెక్కల్లో తొమ్మిది మార్కులొచ్చిన సంగతి బయటపెట్టింది. పోయినవారం నుంచి దాచిన సంగతే అది, చెప్పేశాక పిల్లకి ఇంకా తేలిగ్గా అనిపించింది. కోడలు పన్నెండేళ్ళ బల్లని, సీసాల్ని వరసపెట్టి తలుచుకుంది. ప్రతి సీసా వెనకా ఇవాళ తను పెట్టబోయే సంతకమే కనిపించింది. ఉఫ్ మని ఊదింది. ఊదితే నిట్టూర్పవుతుందా? కారు మోసపోలేదు.

"ఏడవమంటే నవ్వొస్తోంది, ఏం మనుషులం మనం," అంది ఆమె. చేతిదాకా వచ్చింది జారిపోతోందని భయమేసింది. అది భయమే గానీ నిట్టూర్పు కాదు, దాంతో బండి కదల్లేదు.

నానమ్మ కోటు మీద సూది ఆపింది. ఆమెకి లెక్క తెలుసు. కారు ఇలాగే పాకితే కోడలి ఉద్యోగం పోతుంది. పోతే ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. షాపు అక్కడే ఉంటుంది, మూలన మిషన్ అక్కడే ఉంటుంది, రేపు ఏడూ నలభైకి మళ్ళీ నలుగురూ ఇదే కారెక్కుతారు. ఆమె ఏమీ చెయ్యనక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళుగా చేసిందే ఇంకో అరగంట చేస్తే చాలు. పెదాలు బిగించి కూర్చుంటే చాలు. ఎవరూ ఆమెను తప్పుపట్టరు, ఎవరికీ తెలియను కూడా తెలియదు.

ఆ ఆశ వచ్చినందుకు ఆమెకి తన మీద తనకే సిగ్గేసింది. అయినా వెంటనే పోలేదది. మూడో మలుపు దాకా ఆమెతోనే వచ్చింది. అప్పుడు ముందు అద్దంలో కోడలి కళ్ళు కనిపించాయి, నీళ్ళు నిండి ఉన్నాయి. ఒళ్ళో తెల్లకోటు జేబు మీద కోడలి పేరు కుట్టి ఉంది. నిన్న రాత్రి దాన్ని కుట్టింది నానమ్మే.

పెదాల మధ్య నుంచి మొదటి సూది తీసి మణికట్టుకి కట్టుకున్న దిండుకి గుచ్చింది. రెండోది తీసింది. మూడోదీ తీసింది.

"గేరు చూసుకో అమ్మా," అంది.

నోరు తెరిచి గుండెల నిండా గాలి పీల్చింది. ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. తర్వాత వదిలింది.

ముందుగా పద్నాలుగో అంతస్తు వచ్చింది, పగలంతా మూసి ఉండే తలుపు వచ్చింది. దాని వెనకే చప్పుడు చెయ్యకూడని మిషన్. ఆ వెనక రెండొందల నలభై చొక్కాలు, ఒకటొకటిగా. వాటి వెనక ఆయన పోయిన సాయంత్రం, తలుపేసుకుని ఏడవడానికి కూడా రెండో గది లేని ఇల్లు. అన్నీ ఒకే ఊపిరి మీద బయటికొచ్చాయి. టర్బో ఈల వేసింది. ముల్లు ఎర్రగీత దాటి, అక్కడున్న చిన్న మేకుకి తగిలి ఆగిపోయింది. కారు ఒక్క ఉదుటున లేచింది. లారీలు వెనకబడ్డాయి. కోడలు రెండో గేరు వేసింది, మూడోది వేసింది. పాలవ్యాను డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ ఉండిపోయాడు. నాలుగో మలుపు, అయిదో మలుపు, ఆరు. నిట్టూర్పు ఇంకా అయిపోలేదు.

ఎందుకని ఎవరూ అడగలేదు. నియమం నియమమే. కొడుకు ముల్లు వైపే చూస్తున్నాడు. ఎనిమిదో మలుపు దగ్గర అతను తల తిప్పి, తల్లి మొహం వైపు చూశాడు. ఎన్నాళ్ళకో చూశాడు. పిడుగు టిఫిన్ డబ్బాలు పక్కకి నెట్టి నానమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చివరి మూడు మలుపుల్లో మిగతా ముగ్గురి నిట్టూర్పులూ కూడా కలిశాయి. కోడలు బ్రేకు మీద కాలుంచి నడపాల్సొచ్చింది.

తొమ్మిదీ యాభై రెండుకి ఆఫీసు ముందు ఆగారు. నానమ్మ చివరి కుట్టు వేసి, దారం పంటితో తెంపి, కోటు అందించింది. కోడలు దాన్ని తొడుక్కుంటూ లోపలికి పరిగెత్తింది.

అరగంట దాకా రాలేదు. కొడుకు అమ్మకి నీళ్ళ సీసా మూత తీసిచ్చాడు. నానమ్మ తాగింది. అంతా బయటపెట్టేసుకున్నానే అని ఆమెకి లోపల బెరుకుగానే ఉంది. సాయంత్రం ఇంట్లో అడుగుతారు, ఏం చెప్పాలో వెతుక్కుంటోంది.

కోడలు సాయంత్రం దాకా ఆగలేదు. వస్తూనే ముందు సీటు వంచి, కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చేతిలో తుప్పుపట్టిన తాళంచెవి ఉంది.

"క్వార్టరు వద్దని రాసిచ్చేశాను అత్తయ్యా," అంది. "పాత పంపుహౌసు వెనక ఒక ఇల్లు ఖాళీగా ఉందట. పైకప్పు కొంచెం కారుతుంది, వైరింగు మార్పించుకోవాలి. మూడు గదులు. చుట్టుపక్కల ఎవరూ లేరు, ఎంత చప్పుడైనా చేసుకోవచ్చు." తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. "మీ మిషన్ తలుపు దగ్గర వేద్దామా, కిటికీ దగ్గరా?"

మీ ఇష్టం అమ్మా అనడానికి నానమ్మ పెదాలు అలవాటుగా బిగుసుకోబోయాయి. పట్టుకోవడానికి వాటి మధ్య సూదులేమీ లేవు.

"కిటికీ దగ్గర," అంది. "వెలుతురు ఎడమ పక్క నుంచి పడాలి."