సగం పడవ, సీలు విప్పని ప్యాకెట్

వినోద ఆర్మూర్‌లో వహీద్ సేట్ అడ్తి దుకాణంలో పనిచేస్తుంది. రైతులు తెచ్చిన పసుపును సేట్ కొనేవాళ్లకు చూపించి అమ్మిస్తాడు, ఆమె కంప్యూటర్‌లో బిల్లులు కొడుతుంది. తీరిక దొరికితే ఆటకార్డులు కూడబెడుతుంది. ఆట ఆడదు. బొమ్మల కోసం కొంటుంది.

ఆమె కూడబెడుతున్న సెట్‌లో తొమ్మిది కార్డులను పక్కపక్కన పేరిస్తే ఒకే బొమ్మ అవుతుంది: ఏరు, గట్టున పసుపుపచ్చ చేను, ఏటిలో పడవ. వినోద దగ్గర ఎనిమిది ఉన్నాయి. లేనిది కింద కుడివైపుది. అందువల్ల రెండేళ్లుగా ఆమె పడవకు ముందు సగం లేదు.

కంపెనీ ఆ సెట్ అచ్చు మానేసింది. ఆ తొమ్మిదో కార్డు సేట్ కొడుకు సఫ్వాన్ దగ్గర రెండున్నాయి. సఫ్వాన్‌కు బొమ్మలతో పనిలేదు. సీలు విప్పని ప్యాకెట్లు దాచుకుంటాడు. అలాంటిది వినోద దగ్గర ఒకటి ఉంది. ఇదిచ్చి అది తీసుకోవాలని ఇద్దరికీ మాటయింది.

మధ్యాహ్నం దుకాణం ఖాళీ అయ్యాక వినోద బల్ల తుడిచి ఎనిమిది కార్డులూ పేర్చింది. పక్కన ప్యాకెట్ పెట్టింది.

"మూలలు నలగలేదు కద అక్కా?" అన్నాడు సఫ్వాన్.

"బీరువల చీరల నడుమ పెట్టిన తమ్మీ. మా అమ్మకు సుత తెల్వదు."

సఫ్వాన్ తన కార్డు తేవడానికి లోపలి గదిలోకి వెళ్లాడు. అప్పుడే సేట్ వచ్చాడు.

"ఏంది గిది?"

"సఫ్వాన్ తీసుకుంటుండు సేట్."

సేట్ ప్యాకెట్ అందుకుని తిప్పి చూశాడు. దుకాణానికి వచ్చిన ఏ బస్తానైనా ఆయన ముందు కోస్తాడు, ఒక పసుపు కొమ్ము తీసి విరుస్తాడు, లోపలి రంగు చూస్తాడు. మాట్లాడటం ఆ తర్వాతే. బస్తాలు కోసే కత్తి జేబులోనే ఉంది. వినోద నోరు తెరిచేలోపు ప్యాకెట్ అంచు తెగింది. సేట్ ఒక కార్డు బయటికి లాగి రెండు వేళ్లతో వంచాడు.

"గట్టిగనే ఉంది. తీస్కో బేటా."

సఫ్వాన్ గుమ్మంలో ఆగిపోయాడు.

"అబ్బూ, గదేం చేసిన్రు?"

"సాంపిల్ చూసిన."

"సీలు విప్పితే ఇగ దాన్ని ఎవ్వలడగరు."

"లోపల ఏమున్నదో చూడకుండ తీస్కుంటవా? మార్కెట్ల నా పరువేం గావాలె?"

సఫ్వాన్ తన కార్డును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఏమనుకోకు అక్కా. సీలు లేంది నాకెందుకు?"

వినోద ఆ జేబు వంక చూసింది. తర్వాత సేట్ వైపు తిరిగింది.

"సేట్, బస్తా కోసి, కొమ్ము విరిచినంక సరుకు వద్దంటే మన దుకాణంల ఏమంటరు?"

సేట్ కత్తి మడిచాడు. పోయిన వారం ఒక వ్యాపారి అలాగే వెనక్కి తగ్గితే, సేట్ అతన్ని వాకిట్లో నిలబెట్టి బస్తాలన్నీ కొనిపించాడు. ఆ బిల్లు కొట్టింది వినోదే.

"ఇయ్యిరా," అన్నాడు కొడుకుతో.

"కోసింది మీరు."

"కోసింది మన దుకాణం. ఇయ్యి."

సఫ్వాన్ ఇచ్చాడు. వంగిన కార్డును బల్ల చివర పెట్టి అరచేత్తో చదును చేస్తూ కూర్చున్నాడు.

వినోద తొమ్మిదో కార్డును ఖాళీలో పెట్టింది. పడవ పూర్తయింది. దాని ముందు అంచున ఒక కొంగ కూర్చుని ఉంది. సేట్ కళ్లజోడు పెట్టుకుని వంగాడు.

"గీ చేను చూసినవా? ఎనిమిదిట్ల పసుపు ఒక తీరు, గీదాన్ల ఒక తీరు. రెండు లాట్ల సరుకు కలిపిన్రు."

"గా కార్డు రెండోసారి అచ్చేసింది. రంగు జర తక్కువుంటది," అన్నాడు సఫ్వాన్ తలెత్తకుండా.

"ఆమెకు చెప్పకుండ ఇస్తున్నవా? ఇగ సౌదా రద్దు."

సేట్ కార్డు తీయబోయాడు. వినోద దాని మీద చెయ్యి పెట్టింది.

"నాకు తెల్సు సేట్. మీరు జర ఎన్కకు జరుగుండ్రి."

సేట్ జరిగాడు.

"ఇంకా."

కాంటా వీపుకు తగిలేదాకా జరిగాడు.

"ఇప్పుడు సుత తేడా కనబడుతుంది," అన్నాడు.

"కండ్లజోడు తీయుండ్రి."

సేట్ తీశాడు. కాసేపు బల్ల వైపు చూశాడు.

"ఆఁ," అన్నాడు. "గిప్పుడు ఒక్కటే లాటు."